దాక్కోవడానికి వెళ్లినవాడు

ఒకరు: మత్తు మానాలన్న కోరిక వాడిలోనే పుట్టాలి, అప్పటిదాకా డీ-అడిక్షన్ సెంటర్‌కు పంపినా దండగే అని ఎవరైనా అంటే, నేను వెంటనే 'క్లీన్ అండ్ సోబర్' సినిమా గురించి చెబుతాను. 1988లో వచ్చిన అమెరికన్ సినిమా అది. గ్లెన్ గోర్డన్ కారన్ తీశాడు, మైకేల్ కీటన్ నటించాడు. డారిల్ పాయింటర్ ఫిలడెల్ఫియాలో ఇళ్లూ ఆస్తులూ అమ్మిపెట్టే కంపెనీలో ఉద్యోగి. మాటకారి, కొకైన్‌కు బానిస. జనం నమ్మకంతో కంపెనీ దగ్గర ఉంచిన సొమ్ములోంచి 92,000 డాలర్లు తీసి షేర్లలో పెట్టి పోగొట్టాడు. ఒకరోజు నిద్ర లేచేసరికి పక్కనున్న అమ్మాయి కొకైన్ ఎక్కువై ప్రాణం మీదికి తెచ్చుకుని ఉంది. ఇంటికి పోలీసులు వచ్చారు. ఎటు చూసినా దారి లేదు. అప్పుడు తెలిసింది, ఒకచోట నెల రోజుల చికిత్స ఇస్తారనీ, లోపల ఎవరున్నారో బయటికి పొక్కనివ్వరనీ. అందుకే చేరాడు. మానడానికి చేరలేదు, దాక్కోవడానికి చేరాడు. మొదటి రోజుల్లో ఎవరితోనూ ఒక్క నిజం మాట్లాడడు. అలాంటివాడే చివరికి నలుగురి ముందు నిలబడి, నేను వ్యసనపరుణ్ని అని ఒప్పుకుంటాడు. ఏ తలుపున లోపలికి వచ్చాడన్నది ముఖ్యం కాదని నేను అనేది ఇందుకే. రావడమే ముఖ్యం.

మరొకరు: సినిమా గొప్పదే. ఆ ఏడాది 'బీటిల్‌జ్యూస్' వేషంలో నవ్వించిన కీటనే ఇందులో అంత చికాకైన, జాలి కూడా పుట్టించని మనిషిగా కనిపించాడు. అమెరికాలో జాతీయ సినీ విమర్శకుల సంఘం ఆ రెండు చిత్రాలకూ కలిపి అతనికి ఉత్తమ నటుడి అవార్డు ఇచ్చింది. అదంతా సరే. మీరు తీసిన పాఠంతోనే నాకు పేచీ. డారిల్ అబద్ధం చెప్పే వచ్చాడు, కానీ తన కాళ్ల మీద నడిచి వచ్చాడు. కావాలంటే అదే కాళ్ల మీద నడిచి పోగలడు. ఎవరూ రెక్కలు విరిచి పట్టుకుని తీసుకురాలేదు. భయంతో రావడం వేరు, బలవంతంగా తేవడం వేరు. ఆ తేడా చెరిపేసి, 'చూశారా, ఇష్టం లేకుండా చేరినవాడు కూడా బాగుపడ్డాడు' అంటే, మన దగ్గర జరిగే చాలా ఘోరాలకు ఆ సినిమాతో సంతకం పెట్టించినట్టవుతుంది.

ఒకరు: తన కాళ్ల మీదా? వెనక పోలీసులు, పక్కన చావుబతుకుల్లో ఉన్న అమ్మాయి కుటుంబం, ఎదురుగా తేలని డబ్బు లెక్క. ఇన్ని తరుముతుంటే పరిగెత్తినవాణ్ని స్వేచ్ఛగా నడిచాడని ఎలా అంటాం? ఈ సినిమా వచ్చిన మరుసటి ఏడాదే, 1989లో, మయామీలో మొదటి డ్రగ్ కోర్టు పెట్టారు. జైలా, చికిత్సా, తేల్చుకో అంటాడు జడ్జి. తర్వాత ఆ పద్ధతి అమెరికా అంతటా పాకింది. మన మత్తుమందుల చట్టం ఎన్‌డీపీఎస్‌లోనూ 64ఎ సెక్షన్ ఉంది కదా. మత్తు వాడినందుకో, కొద్ది మొత్తం దగ్గర ఉన్నందుకో కేసు పడ్డ వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపున్న చోట చికిత్సకు చేరితే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు దొరుకుతుంది. చికిత్స పూర్తి చేయకపోతే ఆ మినహాయింపు రద్దు కావచ్చు. 'తనంతట తాను' అని రాసిన ఆ మాట వెనక కూడా ఒక లాఠీ ఉంది. మనసు మారేదాకా కూర్చోకుండా, భయాన్నే మెట్టుగా వేసుకున్నారు చట్టం రాసినవాళ్లు.

మరొకరు: మెట్టు వేశారు, నిజమే. కానీ ఆ మెట్టు మీద మనిషికి ఒక లాయరు ఉంటాడు, ఒక తేదీ ఉంటుంది, ఎన్నాళ్లన్న లెక్క ఉంటుంది. రెండు చెడ్డ దారుల్లో ఒకటైనా ఎంచుకునే వీలుంటుంది. మన ఇళ్లలో జరిగేది ఇదా? తెల్లవారుజామున నలుగురు వస్తారు. నిద్రలో ఉన్నవాణ్ని లేపి, చేతులు వెనక్కి పట్టి, కారెక్కిస్తారు. ఎక్కడికి, ఎన్నాళ్లు, ఎవరి అనుమతితో అన్న ప్రశ్నే ఉండదు. చట్టం లేక కాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితుల్ని కూడా తన పరిధిలోకి తెచ్చింది. మనిషి ఒప్పుకోనప్పుడు చేర్చుకోవడానికి 89వ సెక్షన్ ఉంది. ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి. తనకో ఎదుటివాళ్లకో ప్రమాదం ఉందనో, తనను తాను చూసుకోలేకపోతున్నాడనో తేలాలి. ముప్పై రోజులు దాటకూడదు. మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డుకు తెలియజేయాలి, చేర్చుకున్నదాని మీద అక్కడే అప్పీలు చేసుకోవచ్చు. బలవంతాన్ని కూడా చట్టం కొలతలు పెట్టే ఇచ్చింది. ఆ కొలతలు ఎంతమంది అన్నదమ్ములకు, ఎంతమంది తల్లిదండ్రులకు తెలుసు?

ఒకరు: తెలియదు. తెలిసినా ఏం చేస్తారు? కేంద్రం కోసం ఎయిమ్స్ చేసి 2019లో వెలువరించిన జాతీయ సర్వే చూశారా? మద్యానికి బానిసైనవాళ్లలో 38 మందికి ఒకరే ఏదో ఒక సాయం అందిందన్నారు. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారు 180 మందికి ఒకరు. ఇద్దరు నిపుణులు కావాలంటుంది చట్టం. ఒక్క సైకియాట్రిస్టును చూపించాలంటే జిల్లా కేంద్రానికి పోయి లైన్లో నిలబడాలి. ఈలోగా ఇంట్లో టీవీ అమ్ముడుపోతుంది, తల్లి మెడలో గొలుసు పోతుంది. మీరు చెప్పే కొలతలు ఖాళీ కుండ మీద గీసిన గీతలు.

మరొకరు: అది ఒప్పుకుంటాను. చికిత్స దొరకని చోటే గేటుకు తాళం వేసిన కొంపలు పుట్టుకొస్తాయి. ఇల్లు తట్టుకోలేకే పంపుతుంది, పగబట్టి పంపదు. కానీ మీరొకటి ఒప్పుకోవాలి. ఆ కొంపల్లో డాక్టరు లేని రాత్రి ఏమవుతుందో ఇంటివాళ్లు చూడరు. ఏళ్ల తరబడి తాగిన మనిషికి ఒక్కసారిగా మందు ఆపేస్తే కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలై, రెండో రోజుకో మూడో రోజుకో మూర్ఛలు, లేనివి కనిపించడం దాకా పోవచ్చు. చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. నల్లమందు జాతి మత్తులో ఉన్నవాడి ప్రమాదం ఇంకోలా ఉంటుంది. నెల రోజులు బలవంతంగా ఆపితే ఒంటికి తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. బయటికి వచ్చి పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. సెంటర్ నుంచి ఇంటికొచ్చిన మొదటి వారాలు అందుకే అంత భయంకరం. మనిషి మనసు మారకుండా ఒంట్లో మత్తు మాత్రమే తీసి పంపించడం, ఈతగాణ్ని నెల రోజులు కట్టేసి తర్వాత ఏట్లో దింపినట్టు.

ఒకరు: ఇంత చెప్పాక దాచుకోవడం బాగుండదు. మీరు చెప్పిన ఆ నలుగుర్ని పిలిపించింది నేనే. మా తమ్ముడి కోసం. వాడిది గంజాయితో మొదలైంది, మాత్రలకు పోయింది, ఆ తర్వాత ఇంజెక్షన్లు. చేతులకు నరాలు దొరక్క కాళ్లలో పొడుచుకునేవాడు. మూడు రోజులు ఇంటికి రాకపోతే పోలీస్ స్టేషన్‌కు పోవాలా, మార్చురీకి పోవాలా అని అమ్మ నన్ను అడిగింది. ఆ ప్రశ్న విన్నాక నాకు సెక్షన్లు గుర్తురాలేదు. మా ఊరికి కారులో మూడు గంటల దూరంలో ఒక సెంటర్ ఉందన్నారు. ఫోన్ చేశాను. అయిదు గంటలకు వచ్చారు. వాడు నా పేరు పెట్టి అరుస్తుంటే నేను గేటు తీసి పట్టుకున్నాను. నాలుగేళ్లయింది. వాడు బతికున్నాడు. వాడితో పాటు తిరిగిన ముగ్గురిలో ఇద్దరు లేరు. ఇప్పుడు చెప్పండి, నేనేం చేయవలసింది?

మరొకరు: నేను ఆ కారులో వెనక సీట్లో కూర్చున్నవాణ్ని. మీ తమ్ముణ్ని కాదు, అలాంటివాణ్ని. నాది తాగుడు. నన్ను పట్టించింది మా నాన్న. పదకొండేళ్ల కిందటి మాట. నేను కూడా బతికే ఉన్నాను, మానేశాను. కాబట్టి మీ లెక్క ప్రకారం మా నాన్న గెలిచాడు. కానీ నేను మానింది అక్కడ కాదు. అక్కడ నేర్చుకుంది ఒక్కటే, తప్పు ఒప్పుకున్నట్టు నటించడం. పొద్దున ప్రార్థన, మధ్యాహ్నం క్షమాపణలు, రాత్రి లెక్క పెట్టుకోవడం. తొంభై రోజులు బ్రహ్మాండంగా నటించాను. బయటికి వచ్చిన సాయంత్రమే తాగాను. మానింది రెండేళ్ల తర్వాత. ఒక ప్రభుత్వాసుపత్రిలో ఓపీ చీటీ రాయించుకుని నేనే వెళ్లాను. ఎవరూ తీసుకెళ్లలేదు. ఆ రెండేళ్లు ఎందుకు పోయాయంటారా? ఆసుపత్రి అన్న మాట వింటేనే నా ఒళ్లు ఆ కారులోకి వెళ్లిపోయేది. నన్ను ఆ తలుపే ఆలస్యం చేసింది.

ఒకరు: ఆ రెండేళ్లు మీరు బతికి ఉండటం అదృష్టం. అందరికీ ఆ అదృష్టం ఉండదు.

మరొకరు: ఉండదు. అదీ నిజమే. మా నాన్న ముందు నేను ఈ మాటలు ఇంత ధైర్యంగా అనలేదు.

ఒకరు: అయితే సినిమాలో క్రేగ్ సంగతి చెప్పండి. మోర్గన్ ఫ్రీమన్ వేసిన కౌన్సెలర్. అతనూ ఒకప్పుడు ఆ ఊబిలో ఉన్నవాడే. డారిల్ ఏం చెప్పినా నమ్మడు. జాలి చూపడు. తియ్యగా మాట్లాడి తప్పించుకోవడంలో ఆరితేరిన డారిల్ మొదటిసారి ఒక గోడకు కొట్టుకుంటాడు. నాకు ఆ సన్నివేశాలు చూస్తుంటే ఊపిరి ఆడినట్టయింది. ఎందుకంటే మా ఇంట్లో అందరం వాడి మాటలు నమ్ముతూనే వచ్చాం. ఈ ఒక్కసారికి, రేపటి నుంచి, అమ్మ మీద ఒట్టు. నమ్మడం ప్రేమ అనుకున్నాం. వ్యసనం మాట్లాడే భాషే అబద్ధం. ఆ భాష వచ్చినవాడే దాన్ని ఆపగలడు. సౌమ్యంగా ఉండమని మాకు చెప్పేవాళ్లు ఆ ఒట్లు వినలేదు.

మరొకరు: క్రేగ్ అంటే నాకూ గౌరవమే. కానీ అతని బలం ఎక్కడుంది? గొంతులో ఉందని మీరంటున్నారు. నేను తలుపులో ఉందంటాను. ఆ తలుపుకు తాళం లేదు. నిబంధన తప్పావా, బయటికి పో అంటాడు. అతను చూపించే అతిపెద్ద భయం లోపల బంధించడం కాదు, బయటికి పంపడం. మా సెంటర్లో అంతా తలకిందులు. పారిపోతే పట్టుకొచ్చి కొట్టేవాళ్లు. కొట్టినవాళ్లూ ఒకప్పుడు తాగినవాళ్లే, 'మేం దాటి వచ్చాం, మాకు తెలుసు' అనేవాళ్లే. అరవడమే వైద్యం అనుకున్నవాళ్ల చరిత్ర కూడా ఒకటుంది. కాలిఫోర్నియాలో 1958లో సైనానన్ అని మొదలైంది. చుట్టూ కూర్చుని ఒకణ్ని మధ్యలో పెట్టి మాటలతో చీల్చి చెండాడటం అక్కడి పద్ధతి, దానికి 'ఆట' అని పేరు. మొదట్లో లోకమంతా మెచ్చుకుంది. ఇరవై ఏళ్లు తిరిగేసరికి అదొక మతంలా బిగుసుకుపోయి, తమ మీద దావా వేసిన లాయరు ఇంటి ఉత్తరాల పెట్టెలో రాటిల్‌స్నేక్ అనే విషసర్పాన్ని పెట్టేదాకా వెళ్లింది. మనిషిని బాగుచేయడానికి ముందు విరగ్గొట్టాలన్న నమ్మకం ఎక్కడికి పోతుందో చూడండి. 1983లో విలియం మిల్లర్ అనే మనస్తత్వవేత్త సరిగ్గా దీనికి ఎదురు దారి రాశాడు. వాదించకు. అడుగు, విను. మానాలన్న కారణం అతని నోటి నుంచే రానివ్వు అన్నాడు. ఆ ఓపీలో డాక్టరమ్మ నన్ను మొదట అడిగింది ఇదే, 'తాగడం వల్ల మీకు ఏం మేలు జరుగుతోంది?' అని. నన్ను అంతకుముందు ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. నాకు ఏడుపొచ్చింది.

ఒకరు: మంచి ప్రశ్న. నేను తమ్ముణ్ని ఒక్కసారీ అలా అడగలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ అడగాలంటే మనిషి ఎదురుగా కూర్చోవాలి కదా. మా వాడు ఇంట్లో ఉంటే స్నానాలగదిలో గడియ వేసుకునేవాడు, లేదంటే ఊళ్లోనే ఉండేవాడు కాదు. డాక్టరమ్మ వినడానికి సిద్ధంగానే ఉంది. చెప్పుకోవలసినవాణ్ని ఆమె ముందుకు ఎవరు చేర్చాలి? మీ రెండేళ్లలో మీ చేతనే ఓపీ చీటీ రాయించింది ఏమిటి? మనసేనా, ఇంకేదైనానా?

మరొకరు: కామెర్లు. కళ్లు పసుపుపచ్చగా అయ్యాయి. చచ్చిపోతానని భయమేసింది.

ఒకరు: చూశారా. భయమే.

మరొకరు: భయమే. కానీ అది నా సొంత భయం. మా నాన్న భయం కాదు. డారిల్‌ది కూడా అతని సొంత భయమే. ఇక్కడ తేడా ఉంది అని మొదటి నుంచీ మొత్తుకుంటున్నది ఇందుకే. సరే, డారిల్‌ని కాసేపు పక్కన పెడదాం. అందరూ అతని గురించే మాట్లాడతారు. చార్లీ గురించి మాట్లాడండి.

ఒకరు: కాథీ బేకర్ వేసిన పాత్ర. ఉక్కు కర్మాగారంలో పనిచేసే మనిషి.

మరొకరు: చార్లీ దాక్కోవడానికి రాలేదు. మానాలనే వచ్చింది. డారిల్ కన్నా ముందే తన గురించి తాను నిజం మాట్లాడగలిగింది. చికిత్స అయ్యాక ఎక్కడికి వెళ్లింది? లెనీ దగ్గరికి. ఆమెను ఏడిపించే మనిషి, తనూ మత్తులోనే ఉన్న మనిషి, అదే ఇల్లు. బయటికి వచ్చెయ్యమని డారిల్ ఎంత చెప్పినా రాలేకపోయింది. అతను లేకపోతే నేనెవర్ని అన్నట్టు ఉంటుంది ఆమె. చివరికి కారు నడుపుతూ కొకైన్ తీసుకోబోయి ప్రమాదంలో చనిపోయింది. ఆ సినిమాలో మానాలని వచ్చినామె పోయింది, దాక్కోవాలని వచ్చినవాడు మిగిలాడు. నేను ఆ చిత్రాన్ని మూడుసార్లు చూశాను. మూడోసారి డారిల్ ప్రసంగం నాకు వినిపించలేదు. చార్లీ ఇంటి వంటగదే కళ్లలో ఉండిపోయింది.

ఒకరు: ఇది నా వాదానికే బలం కాదా? ఇష్టంతో వచ్చినా పోవచ్చు, అబద్ధంతో వచ్చినా దక్కవచ్చు. అంటే ఇష్టం మీద ఇంత బరువు పెట్టకూడదనే కదా.

మరొకరు: మీ వాదానికీ బలం కాదు, నా వాదానికీ కాదు. అదే నన్ను కలవరపెడుతుంది. ఏ తలుపున వచ్చారని మనం ఇంతసేపూ కొట్టుకుంటున్నాం. చార్లీని చంపింది బయటికి పోయే తలుపు. వియత్నాం యుద్ధంలో హెరాయిన్‌కు అలవాటుపడిన అమెరికన్ సైనికుల మీద లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు 1970లలో చేసిన అధ్యయనం వినే ఉంటారు. తిరిగి వస్తే దేశమంతా మత్తులో మునుగుతుందని ప్రభుత్వం హడలిపోయింది. తీరా చూస్తే, అక్కడ బానిసలైనవాళ్లలో ఇంటికొచ్చిన మొదటి ఏడాది మళ్లీ బానిసలైనది నూటికి అయిదుగురు మాత్రమే. ఎక్కువమంది చికిత్స కూడా తీసుకోలేదు. ఆ అడవి లేదు, ఆ భయం లేదు, ఆ స్నేహితుల గుంపు లేదు, వీధి చివర అంత చవగ్గా హెరాయిన్ దొరకడం లేదు. చార్లీ విషయంలో తిరగబడింది. చికిత్స జరిగిన చోటే పరాయి ఊరు, ఆమె యుద్ధం ఇంట్లో ఉంది.

ఒకరు: ఆ సైనికులతో మనవాళ్లను పోల్చడం అంత తేలిక కాదు. వాళ్లకు అలవాటు అయింది ఒక దూరదేశంలో. మా వాడికి అయింది మా వీధి చివర టీ కొట్టు వెనక. వాడి వియత్నాం మా ఊరే. వాణ్ని ఏ దేశానికి తిరిగి పంపమంటారు? ఇల్లు అమ్ముకుని పోవాలా? అమ్మ ఆ ఇంట్లోంచి కదలదు.

మరొకరు: కదలమనడం లేదు. నాలుగేళ్లలో ఆ ఇంట్లో ఏం మారిందని అడుగుతున్నాను. తమ్ముడు సెంటర్లో ఉన్నప్పుడు మీరంతా ఏం చేశారు?

ఒకరు: నిద్రపోయాం. అబద్ధం ఎందుకు, మొదటి వారం అందరం పడి నిద్రపోయాం. ఏడాదిగా లేని నిద్ర. ఆ తర్వాత వాడి గదికి సున్నం వేయించాం, మంచం మార్చాం. బాగుచేసి పంపిస్తారు, తెచ్చుకుని ఇక్కడ పెట్టుకుందాం అనుకున్నాం, రిపేరుకిచ్చిన వస్తువులాగా. మీరు అడిగినదానికి జవాబు అదే. గోడలు మారాయి.

మరొకరు: మద్రాసులో శాంతి రంగనాథన్ 1980లో పెట్టిన సంస్థ గురించి అందుకే గొప్పగా చెబుతారు. భర్త టి.టి. రంగనాథన్ తాగుడు వల్ల చనిపోయాక ఆయన పేరు మీదే పెట్టారు. ఇంటివాళ్లకు కూడా చికిత్స కావాలన్నది ఆమెకు పుస్తకంలోంచి రాలేదు, తన కాపురంలోంచి వచ్చింది. మా నాన్నకు ఎవరైనా ఆ ముక్క చెప్పి ఉంటే, నేను తిరిగి వచ్చిన సాయంత్రం ఆయన నా జేబులు వెతక్కుండా ఉండేవాడేమో. జేబులు వెతికాడు కాబట్టి తాగానని అనను. తాగింది నేనే. కానీ వెతికినప్పుడు నాకు అనిపించింది, వీళ్లకు నేను ఇంకా ఆ పాత మనిషినే, ఇక మారి ఎవరికి చూపించాలి అని.

ఒకరు: మా ఇంట్లో ఎవరూ అలాంటిది చెప్పలేదు. సెంటర్‌వాళ్లు అడిగింది ఫీజు మాత్రమే. అయినా సరే, నాకు ఈ సినిమా మీద ఆశ పోలేదు. ముగింపు చూడండి. ముప్పై రోజులు మత్తు లేకుండా గడిపినందుకు మానేవాళ్ల సభలో ఒక చిన్న బిళ్ల ఇస్తారు. దాని కోసం డారిల్ వేదిక ఎక్కుతాడు. గొప్పగా ఏమీ మాట్లాడడు. జరిగినవి చెబుతాడు. ఉద్యోగం పోయింది, చేసిన దొంగతనం కంపెనీకి తానే చెప్పేశాడు, చార్లీ చచ్చిపోయింది. ముప్పై రోజులు. అంతే. మనకు 1953లో వచ్చిన 'దేవదాసు' నుంచి తాగేవాడి కోసం ఏడవడం తెలుసు. నాగేశ్వరరావు కళ్లు మూతపడుతుంటే మూడు తరాలు ఏడ్చాయి. తాగి చనిపోవడం మనకు కథ. మాని బతకడం కథ అని నాకు ఆ ఒక్క బిళ్లే చూపించింది. సెంటర్లో ఉన్నవాడి తల్లికి ఆ ఆశ చాలా అవసరం.

మరొకరు: ఆశ అవసరమే, కానీ ఎంత మోతాదులో? 1945లో బిల్లీ వైల్డర్ 'ది లాస్ట్ వీకెండ్' తీశాడు. తాగుబోతు రచయిత కథ. ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. చివర్లో అతను గ్లాసులో సిగరెట్టు పడేసి రాయడానికి కూర్చుంటాడు. హమ్మయ్య అనుకుని జనం ఇళ్లకు పోయారు. అసలు నవల రాసింది చార్లెస్ జాక్సన్. ఆయన బతుకులో అలాంటి హమ్మయ్య లేదు. మానడం, మళ్లీ పడటం, 1968లో మాత్రలు మింగి పోవడం. సినిమా ఆపిన చోట జీవితం ఆగదు. చికిత్స తీసుకున్నవాళ్లలో నూటికి 40 నుంచి 60 మంది ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ మొదలుపెడతారని అమెరికా ఆరోగ్య సంస్థలు చెబుతాయి. అది బీపీ, ఉబ్బసం ఉన్నవాళ్లు మందులు మానేసి మళ్లీ జబ్బు పెంచుకోవడం లాంటిదేనని కూడా చెబుతాయి. ముప్పై రోజుల బిళ్ల మీద తెర దించితే, ముప్పై ఒకటో రోజు పడినవాడి తల్లి ఏమనుకుంటుంది? ఇంత ఖర్చు పెట్టినా వీడు మనిషి కాలేదు అనుకుంటుంది. మా అమ్మ అదే అంది.

ఒకరు: డారిల్‌కు పూర్తి విముక్తి వచ్చిందని కారన్ చూపించలేదు కదా. బిళ్లకు ముందు చావు పెట్టాడు. జైలుకు పోతాడో లేదో చెప్పలేదు. సభకు తీసుకొచ్చిన రిచర్డ్ డర్క్స్, ఆ పెద్దాయన, పక్కనే కూర్చునే రకం. ఎమ్మెట్ వాల్ష్ ఎంత మామూలుగా చేశాడు ఆ పాత్రను! అరవడు, కట్టెయ్యడు, వదిలెయ్యడు. నిజం చెప్పాలంటే నేను క్రేగ్‌ని కావాలనుకున్నాను. ఇప్పుడు మీతో మాట్లాడుతుంటే, డర్క్స్ ఎందుకు కాలేకపోయానా అనిపిస్తోంది. కానీ ఇంకో సంగతి కూడా అనిపిస్తోంది. డర్క్స్ డారిల్‌కు అన్న కాదు. డారిల్ అతని తల్లి గొలుసు అమ్ముకోలేదు. బయటివాడికి ఓపిక పట్టడం తేలిక.

మరొకరు: చాలా తేలిక. నేనిప్పుడు వారానికి రెండు సాయంత్రాలు కొత్తగా మానేవాళ్లతో కూర్చుంటాను. వాళ్ల అబద్ధాలు నన్ను కోయవు. మా అబ్బాయి రేపు ఆ దారి పడితే ఎలా ఉంటానో నాకే తెలియదు. తెల్లవారుజామున ఎవరికో ఫోన్ చేయనని ఒట్టేయలేను. ఈ మాట బయట ఎక్కడా అనలేదు.

ఒకరు: అయితే నన్ను తప్పుపట్టడం ఎందుకు?

మరొకరు: మిమ్మల్ని కాదు. గేటు తీసి పట్టుకున్న చేతిని అర్థం చేసుకోగలను. నేను కూడా తీస్తానేమో. కానీ తీసినందుకు అది సరైనది అయిపోదు. లోపల వాడి ముందు కూర్చుని, 'నిన్ను బతికించుకోవాలని చేశాను, నీకు మాత్రం అది అవమానం, రెండూ నిజమే' అని చెప్పారా? మా నాన్న చెప్పలేదు. పోయేదాకా చెప్పలేదు. చెప్పి ఉంటే నేను ఆయన్ని క్షమించేవాణ్నో లేదో గానీ, నాకు ఆ కారులోంచి దిగే వీలు దొరికేది.

ఒకరు: చెప్పలేదు. వాడు బతికున్నాడు కదా, ఇంకేం చెప్పాలి అనుకున్నాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను, చూడండి. అవతలి తూకంలో వాడి ప్రాణం పెట్టాక ఇవతల ఏం పెట్టినా తేలిపోతుంది. మళ్లీ ఆ రోజు వస్తే మళ్లీ గేటు తీస్తాను. కాకపోతే ఈసారి డాక్టరున్న చోటు వెతుక్కుంటాను, డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేసి అడుగుతాను, వాణ్ని ఒంటరిగా పంపకుండా అదే కారెక్కి కూర్చుంటాను. తీయకుండా మాత్రం ఉండలేను.

మరొకరు: అతను ఇప్పుడు మీతో మాట్లాడతాడా?

ఒకరు: అమ్మతో మాట్లాడతాడు. పండక్కి వస్తాడు. మొన్న సంక్రాంతికి మూడు రోజులు ఉన్నాడు. భోజనం దగ్గర నా పక్కనే కూర్చున్నాడు, కూర వడ్డిస్తే చాలు అన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు. అదే మాట.

మరొకరు: బీరువాకు తాళం వేశారా?

ఒకరు: వేశాను.

మరొకరు: అతను చూస్తుండగానా?

ఒకరు: లేదు. వాడు డాబా మీదికి వెళ్లాక వేశాను. తాళంచెవి అమ్మకిచ్చాను. ఆవిడ దాన్ని కొంగున కట్టుకోలేదు, నాకు చెప్పకుండా మళ్లీ బీరువాకే పెట్టేసింది. పొద్దున లేచి చూస్తే తలుపుకే వేలాడుతోంది.